ఇరవై చుట్ల ముడి

మా పిన్ని ముందుపన్నుకి సన్నటి గాడి ఉండేది. పదకొండేళ్ళు గాలపు దారాన్ని ఆ పంటి కింద బిగించి పట్టుకోగా పడిన గాడి అది.

మాది సముద్రపు వేట సామాన్ల కొట్టు. ముందు గల్లాపెట్టె దగ్గర నేను, ర్యాకుల మధ్య పెత్తనం చేస్తూ నాన్న, వెనక కిటికీ లేని గదిలో పిన్ని. గాలపు కర్రకుండే రీలులో ఉండేది జడలా అల్లిన సన్న దారం. దాని కొసకి లీడరు అనే లావుపాటి నైలాన్ తీగ కలపాలి, లేకపోతే రాళ్ళకో చేప పళ్ళకో పుటుక్కున తెగుతుంది. మామూలు ముడి వేస్తే సన్నది లావుదాని మీద జారిపోతుంది. పిన్ని లీడరును వంచకుండా నిటారుగా పట్టి, దారాన్ని పైనుంచొకటి, కిందనుంచొకటి ఇరవై చుట్లు చుట్టేది. తడిపి లాగితే దారం రంగు ముదిరి తీగను కరిచి పట్టేది.

"మా మరదలు కడితే తిమింగలమైనా తెంపలేదు" అని నాన్న వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేవాడు. ఆ పొగడ్తలతోనే ఆవిణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టేశాడని నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. అమ్మమ్మ పోయాక పిన్నిని చేరదీసింది ఆయనే. ఆ సంగతి ఆవిణ్ణి మరిచిపోనిచ్చేవాడు కాదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక గురువారం, అందరూ కెప్టెనమ్మ అని పిలిచే ఒక వేట పడవ యజమానురాలు వచ్చింది.

"పడవలోనే ఉండి ముడులు వేసే మనిషి కావాలి. సోమవారం పొద్దున బయల్దేరుతున్నాం. వస్తావా?" అని పిన్నిని అడిగింది.

పిన్ని మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అన్నేళ్ళుగా సముద్రానికి దారాలు కట్టిన మనిషి ఒక్కసారీ పడవెక్కి ఎరగదు.

"వెళ్ళమ్మా, నేనేమన్నా కాళ్ళు పట్టుకుని ఆపుతున్నానా?" అన్నాడు నాన్న. "ఆదివారంలోగా ఈ పని ఎవరికైనా నేర్పు, చాలు." గోడకున్న స్ప్రింగ్ కాటా చూపించాడు. ముడి ముప్ఫై కిలోల లాగుడుకి ఆగాలి.

అమ్మ ముందుకొచ్చింది. "నేను నేర్చుకుంటాలే" అంది. రోజూ పిన్ని పక్కన కూర్చుని చుట్టేది. రోజూ సాయంత్రం ముడి జారేది. పిన్ని విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టేది.

శనివారం మధ్యాహ్నం మంచినీళ్ళు ఇద్దామని వెళితే గదిలో అమ్మ ఒక్కతే ఉంది. తను వేసిన ముడిని కాటాకి తగిలించి లాగుతోంది. ముల్లు ముప్ఫై దాటింది, ముడి కదల్లేదు. అమ్మ దాన్ని కత్తెరతో ముక్కలు చేసి బుట్టలో పడేసింది. నేను గుమ్మం దగ్గరనుంచే వెనక్కి వచ్చేశాను.

ఆదివారం నాన్న లాగితే అమ్మ ముడి పద్దెనిమిది దగ్గరే జారిపోయింది.

"చూశావుగా, నేను వద్దంటున్నానా? పని రావాలి కదా!" అంటూ ఆయన షట్టర్ వేయడానికి వెళ్ళాడు.

జారిన దారం మీద మిగిలిన నొక్కులను పిన్ని గోటితో తడుముతూ లెక్కపెట్టింది.

"పన్నెండే చుట్టావు అక్కా. నీకు ఇరవై వచ్చు."

అమ్మ స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. "వచ్చు. కానీ ఈ గదిలో నేను కూర్చోలేనే. ఊపిరాడదు నాకు."

పిన్ని తలెత్తి గుమ్మంలో ఉన్న నావైపు చూసింది. నేను గల్లాపెట్టె తాళంచెవి కోసం వెతుకుతున్నట్టు వంగాను.

సోమవారం పొద్దున రేవులో పడవ హారన్ రెండుసార్లు మోగింది. పిన్ని దారాన్ని పంటి కింద పెట్టుకుని చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. కెప్టెనమ్మ మళ్ళీ మా కొట్టుకి రాలేదు.

నాన్నని తిట్టుకోని రోజు లేదు. అమ్మతో చాలా ఏళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఆ ముడి నాకు పదిహేనో ఏటినుంచే వచ్చు. నాన్న భోజనానికి వెళ్ళినప్పుడల్లా సరదాకి పిన్నే నేర్పింది. కాటా మీద నా ముడి ముప్ఫై దాటి నిలబడినప్పుడు మురిసిపోయి నా బుగ్గ గిల్లింది. ఆ నాలుగు రోజులూ ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.