సారు ఎప్పుడొస్తడు?

మా చిన్నప్పుడు, సూరత్‌లోని ఒక పెద్దాసుపత్రి వరండాలో, అమ్మ వారం రోజులపాటు ఒక సారు కోసం ఎదురుచూసింది... పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చునేది. తెల్లకోటు కనిపిస్తే చాలు, గబుక్కున లేచి నిలబడేది.

అలాంటి సారు ఎవరూ లేరని నాకు మొదటిరోజే తెలుసు. చెప్పలేదు.

మా బాపు సూరత్ పక్కనే ఉన్న కడోదరాలో సాంచెలు నడిపేవాడు... అంటే కరెంటు మగ్గాలు. ఒకరోజు మధ్యాహ్నం నడుస్తున్న సాంచెలోంచి నాడె ఎగిరొచ్చి ఎడమకంటికి తగిలింది. దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్యముక్క కొసలకు ఇనుప మొనలుంటాయి. బాపుకు కుడికన్ను పుట్టుక నుంచే మసక. ఆ ఎడమది కూడా పోతే ఇక చీకటే. ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. ఎనిమిదో రోజు విప్పితేగానీ ఏమీ చెప్పలేమన్నారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, మా నేతవాళ్లు కొలిచే మార్కండేయుడి పటం ముందు దీపం ముట్టించలేదు. "ఉన్న ఒక్క కన్ను గుంజుకున్నంక ఇంకేం దీపం?" అని అగ్గిపెట్టె విసిరికొట్టింది. బాపు కన్ను ఒక భయమైతే, అమ్మ దేవుడితో మాటలు మానేయడం ఇంకో భయం... రెంటిలో ఏది పెద్దదో ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు గుజరాతీ నర్సమ్మ అమ్మ భుజం తట్టి, "సారూ థయీ జశే, బెన్" అంది.

అమ్మకు గుజరాతీ రాదు. మా గల్లీలో కిరాణా కొట్టు తెలుగువాళ్లదే, ఇరుగుపొరుగూ తెలుగువాళ్లే... ఇక నేర్చుకునే అవసరమేముంది? ఆమె చెవికి అందింది ఒక్కటే మాట. సారు!

"సారొస్తడట బిడ్డా! పెద్ద సారే అయ్యుంటడు" అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఇక చూడండి... ఊడ్చే ఆవిడా అదే మాట, చాయ్ పోసే తాతా అదే మాట! అమ్మకు నమ్మకం కుదిరిపోయింది.

నేను బడిలో గుజరాతీ చదివేదాన్ని. సారూ అంటే బాగు. అంతా బాగైపోతుందని పాపం వాళ్లు ఓదారుస్తున్నారంతే. చెబితే అమ్మకున్న ఆ కాస్త ఆశా పోతుంది. చెప్పకపోతే రాని మనిషి కోసం అలాగే కూర్చుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఇదేం పరీక్షండీ!

పైగా సారుకని రోజూ ఒక సర్వపిండి ముక్క స్టీలు డబ్బాలో పెట్టుకొచ్చేది. "సారు తినకముందు ముట్టినవో, చేతులు ఇరగ్గొడ్త!" అనేది. తనేమో మెతుకు సరిగ్గా తినేది కాదు. సాయంత్రం బస్సులో ఆ ముక్క నాకే దక్కేది... దొంగతనం చేసినట్టు తలొంచుకుని తినేదాన్ని.

మరునాడు కట్టు విప్పుతారనగా ఇక ఆగలేకపోయాను. ఎవరో డాక్టరు వస్తుంటే అమ్మ లేచి దండం పెట్టింది. ఆయన చూడకుండానే వెళ్లిపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అమ్మా... ఏ సారూ రాడమ్మా! సారూ అంటే మంచిగ అని. మంచిగైతది అంటున్నరు... గంతే!"

తిడుతుందనుకున్నా... ఏడుస్తుందనుకున్నా. డబ్బా మూత మీద వేలు తిప్పుతూ అడిగింది.

"నర్సమ్మ గట్లనే అన్నదా?"

"ఆఁ."

"ఊడ్చే ఆమె? చాయ్ తాత?"

"అందరూ గదే అన్నరమ్మా."

"మనమెవ్వలమో తెల్వనోళ్లతోని గా మాట ఎవరు అనిపిస్తున్నరు బిడ్డా?" అంది మెల్లగా. "నేను దేవునికి దీపం బంద్ పెడితి. ఆయనేమో వారం సంది నా పక్కనే ఉండి మాట్లాడవట్టె... నేనే సమజ్ గాక తలుపు దిక్కు చూస్తున్న."

డబ్బా తెరిచి, సర్వపిండి విరిచి సగం నాకిచ్చి సగం తను తింది. "రేపు సూపొస్తె మంచిదే. రాకుంటె మీ బాపు చెయ్యి పట్టుకొని నేను నడిపిస్త. ఇగ నాకు భయం లేదు."

నాకు మాత్రం భయం తగ్గలేదు, అబద్ధమెందుకు... ఆ సాయంత్రం అమ్మ మళ్లీ ముట్టించిన దీపం ముందు కూర్చుని కన్ను, కన్ను అని ఒకటే వేడుకున్నాను. అమ్మ దేవుణ్ని ఏమీ అడగలేదు. ఆకలి మీదున్న మనిషి కడుపునిండా తిని లేచినట్టుంది ఆమె ముఖం. కన్ను సంగతి తేలకముందే అంత నిమ్మళం ఎలా వచ్చిందో నాకప్పుడు అర్థం కాలేదు.

బాపుకు చూపు సగమే వచ్చింది. మగ్గం మీద తెగిన పోగు కనపడక, కండెలకు దారం చుట్టే పనికి మారాడు.

ఇవాళ అమ్మకే కంటి ఆపరేషన్. అదే ఊరు, వేరే ఆసుపత్రి. ఇప్పుడంతా గోడమీది తెరలో టోకెన్ నంబర్లే... భుజం తట్టే నర్సమ్మా లేదు, చాయ్ తాతా లేడు. మా పక్క కుర్చీలో సచిన్ అనే పక్క ఊరి నుంచి వచ్చిన ఒక తెలుగమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె భర్త లోపలున్నాడట. అమ్మ ఇన్నేళ్ల అలవాటుకొద్దీ ఆమె భుజం తట్టి, "సారూ థయీ జశే" అంది.

ఆ పిల్ల చివ్వున తలెత్తింది. "ఏ సారమ్మా? ఎప్పుడొస్తడు?"

అర్థం చెబుదామని నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి నొక్కింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, సర్వపిండి ముక్క ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"వచ్చే ఉన్నడు బిడ్డా... నువ్వు జర తిను."

అమ్మను లోపలికి తీసుకెళ్లి గంట దాటింది. తెర మీద ఆమె నంబరు అలాగే ఉంది, నా భయం కూడా అలాగే ఉంది... మీ ఇంట్లోనూ కష్టంలో పట్టుకున్న మాట ఒకటి ఉండే ఉంటుంది. కాస్త రాయండి. అమ్మ బయటికొచ్చేదాకా చదువుకుంటూ కూర్చుంటాను.