చిన్నమ్మ తెల్ల కాగితం

పోయిన వారం మా విభాగం కొత్త భవనంలోకి మారింది. ఏళ్ల తరబడి బీరువాల్లో పేరుకుపోయిన సామానంతా బయటపడింది. పనికిరానివి దాచుకోవడం పరిశోధకులకు ఉండకూడని జబ్బు అని పిల్లలకు పాఠం చెప్పేది నేనే కాబట్టి, విరిగిన తక్కెడలూ మూతల్లేని సీసాలూ జాలి లేకుండా పారేయిస్తున్నాను. అంతలో నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ పట్టుకొచ్చింది. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది, పైన అద్దంలాంటి మూత, లోపల గుండ్రటి తెల్ల కాగితం. "మేడమ్, దీనిమీద ఏమీ లేదు. పారేయనా?" అంది. వద్దని నేను అరిచిన అరుపుకు పాపం ఆ పిల్ల బిత్తరపోయింది. నేను మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. సిరిసిల్లలో పుట్టినదాన్ని. మేం సాంచెలు అని పిలుచుకునే మరమగ్గాలు పక్కనే ఆడుతుంటే, మంచినీళ్లు కావాలన్నా గొంతు చించుకోవలసిందే. కానీ ఆరోజు నిజంగానే అరిచాను. ఆ డబ్బీ మీద నా చేతిరాతతో 'చిన్నమ్మ, మొదటి రోజు' అని ఉంది.

పనిచేసే చోటు మనిషి ఒంటిని ఏం చేస్తుందో చదువుతానని నేను బయల్దేరడానికి కారణం ఆ సాంచెల చప్పుడే. మా నాన్న అందరి మాటకూ నవ్వుతూ తలూపేవాడు. వినపడక తలూపుతున్నాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మగ్గాల మీదే పరిశోధన చేస్తానంటే మా గైడుగారు ఒప్పుకోలేదు. "ఎవరూ చూడని పని ఏదైనా చూడమ్మా" అన్నారు. అప్పుడు కోరుట్లలో బీడీలు చుట్టే చిన్నమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు చెల్లెలు. ఫ్యాక్టరీ అయితే తనిఖీ అధికారి ఎప్పుడో ఒకప్పుడు తొంగి చూస్తాడు. బీడీ చుట్టేది ఇంట్లో. చట్టం కార్ఖానా గేటు దాకా వచ్చి, ఆడవాళ్లుండే ఇళ్లలోకి ఎందుకులే అని మర్యాదగా వెనక్కి వెళ్లిపోతుంది.

చిన్నమ్మ పొద్దున్నే అర్రలో, అంటే లోపలి గదిలో, గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు, అంటే పొగాకు పొడి. ఎండాకాలమైనా సరే, ఫ్యాను వేయనిచ్చేది కాదు. గాలికి ఆకు ఎండితే చుట్టేటప్పుడు పగులుతుంది, తంబాకు ఎగిరిపోతుంది. తూచి ఇచ్చిన తంబాకు తగ్గితే ఆ నష్టం ఆమెదే. అందుకని తలుపు దగ్గరికి వేసి, ఆ ఘాటులోనే సాయంత్రం దాకా కూర్చునేది. నేను సెలవులకు వెళ్తే గుమ్మం దాటగానే వరసగా తుమ్మేదాన్ని. ఆమె మాత్రం చేతులు ఆపకుండానే నాకు చాయ్ పెట్టమని కోడలికి చెప్పేది, బాబాయిని తిట్టేది, వీధిలో పోయే ఉల్లిగడ్డల బండితో బేరమాడేది. మధ్యమధ్య దగ్గేది. ఏంటి చిన్నమ్మా ఆ దగ్గు అంటే, "గది ఊకెనే వస్తది, ఊకెనే పోతది" అనేది. రావడమే గానీ పోవడం నేను చూడలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గల్లీలో చిన్నమ్మ ఇల్లంత సాఫుగా ఉండే ఇల్లు లేదు. నేలమీద ఆకు ముక్క కనపడితే ఆమెకు అన్నం సహించేది కాదు.

నేను మిషన్ల పెట్టెతో జగిత్యాల నుంచి బస్సు దిగేసరికే గల్లీలో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురింటి వదిన నా ముందే అడిగేసింది. "గీ పిల్ల దుమ్మున్నదని రాసి పైకి పంపితె, కంపెనోడు పని బందు వెడ్తడు. అప్పుడు మేం ఏం తినాలె?" మిగతావాళ్లూ తలుపుల దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. కూతురు ఫీజు కట్టాలన్నా, మెడికల్ షాపులో ఖాతా తీర్చాలన్నా డబ్బు ఆ చాటలోంచే రావాలి. నేనేదో పెద్ద మాటలు చెప్పబోయాను. చిన్నమ్మ నన్ను వెనక్కి జరిపి, చీర కొంగు బొడ్లో దోపుకుని, "గది నా బిడ్డ. దానివల్ల మీ పని పోతె నన్నడుగుండ్రి. నాది పూచీ" అంది. ఆ మాటతో నాకు గల్లీ తలుపులు తెరుచుకున్నాయి. చిన్నమ్మ ఇజ్జత్ మాత్రం నా పెట్టెలో పడింది.

మిషన్ చాలా చిన్నది. నడుముకు కట్టే పంపు, దాన్నుంచి భుజం మీదికి ఒక గొట్టం, గొట్టం కొసన ఈ డబ్బీ. మనిషి పీల్చే గాలినే అదీ పీలుస్తుంది, అందులోని దుమ్ము తెల్ల కాగితం మీద నిలుస్తుంది. మొదటి రోజు పొద్దున చిన్నమ్మకు అది కట్టి, రోజూలాగే పని చేసుకో అని చెప్పి నేను పక్క గల్లీకి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే కాగితం మల్లెపువ్వులా ఉంది. పంపు పాడైందేమోనని విప్పి, మళ్లీ బిగించి నానా హైరానా పడ్డాను. అసలు సంగతి కోడలు చెప్పింది. నేను వెళ్లగానే అత్తగారు ఇల్లంతా కడిగించిందట. తంబాకు జల్లెడ పట్టడం దొడ్లోకి మార్చి, తను పెళ్లినాటి చీర కట్టుకుని వాకిట్లో గాలికి కూర్చుందట. ఆకు ఎండి పగిలింది, తంబాకు ఎగిరింది, రోజూ చుట్టేదాంట్లో సగం కూడా కాలేదు. చిన్నమ్మ మాత్రం గర్వంగా నవ్వుతూ, "మంచిగ తెల్లగచ్చిందా? పాసైనవా?" అంది.

తెల్లగా వస్తే నాకు లాభం లేదు చిన్నమ్మా, రోజూ ఎంత దుమ్ము ఉంటుందో అంత రావాలి అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. "అంటె నా ఇల్లు గలీజుగుంటెనే నువ్వు పాసైతవా? గిదేం సదువే!" అయినా అక్క కూతురు పరీక్ష తప్పకూడదు కదా. రెండో రోజు నేను లేనప్పుడు తంబాకు సంచి తెచ్చి నా మిషన్ ముందే దులిపింది. ఎలాగూ పూచీ ఉంది కదా అని ఎదురింటి వదిన కూడా తన సంచి తెచ్చి ఒక చెయ్యి వేసింది. కాగితం నల్లగా మాడిన రొట్టెలా వచ్చింది. నాకు కోపం ఆగలేదు. మీరిద్దరూ కలిసి నా పరిశోధనను గంగలో కలిపారని గల్లీ అంతా వినేలా అరిచాను. ఆ పూట చిన్నమ్మ అన్నం పెట్టి, పచ్చిపులుసు గిన్నె నా వైపు తోసి గోడను చూస్తూ కూర్చుంది.

మూడో రోజు మా ఇద్దరి అదృష్టం కొద్దీ బీడీలు తీసుకునే టేకేదారు ఆమె కట్టలు కొన్ని బాగా లేవని వెనక్కి పంపాడు. అతన్నీ అతని వంశాన్నీ తిట్టుకుంటూ, పోయిన కట్టలకు బదులు చుట్టడంలో పడి, చిన్నమ్మ నడుముకు పంపు ఉన్న సంగతే మరిచిపోయింది. తలుపు దగ్గరికి వేసింది. ఫ్యాను లేదు. సాయంత్రం కాగితం చిక్కటి చాయ్ రంగులో వచ్చింది. అదే నిజం. నేను సంతోషంగా మూత బిగిస్తుంటే, చూపించమని చెయ్యి చాపింది. మొదటి రోజుదీ ఇదీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది ఒక్క రోజుదేనా?" అంది.

అవునన్నాను.

"నేను నీ అంతలేనప్పటి సంది సుడుతున్న బిడ్డా" అంది. అప్పటిదాకా అది నాకు నమూనా. అది ఆమె ఛాతీ అని అప్పుడే తట్టింది.

ఇక దాచేస్తుందనుకున్నాను. గల్లీకి పూచీ ఇచ్చింది తనే కదా. కానీ చిన్నమ్మ రెండు డబ్బీలనూ చాటలో పెట్టుకుని ఎదురింటికి బయల్దేరింది. వంచకు, కుదపకు అని మొత్తుకుంటూ నేను వెనకాల. ఆడవాళ్లందరినీ పిలిచి, "గిది వాకిట్ల కూసున్ననాడు, గిది అర్రల కూసున్ననాడు. పని బందువెట్టుమంటలేను. కూసునే జాగ మార్చుండ్రంటున్న" అంది. ఎదురింటి వదిన ఊరికే ఒప్పుకోలేదు. ఆకు ఎండిపోదా, తంబాకు ఎగరదా అని గట్టిగానే కొట్లాడింది. చివరికి ఆమే గాలి వచ్చే వైపు పాత చీర కట్టించింది, ఆకు మీద తడి గోనెపట్టా కప్పించింది. నేను చేసిందల్లా మేకులు అందించడం. కొన్ని రోజులు తక్కువే చుట్టారు, తర్వాత చేతులు అలవాటు పడ్డాయి.

నా పరిశోధన వల్ల ఏ కంపెనీ మూతపడలేదు, ఏ చట్టమూ మారలేదు. గట్టి అట్ట వేయించుకుని గ్రంథాలయంలో కూర్చుంది. చిన్నమ్మ పూచీ నిలబడింది. మొదటి రోజు కాగితాన్ని లెక్కలో వేయకూడదన్నారు గైడుగారు. అది పాడైన నమూనా అట. లెక్కలో వేయలేదు గానీ, పారేయడానికీ చెయ్యి రాలేదు. గల్లీని మార్చింది ఆ పాడైన నమూనానే మరి.

చిన్నమ్మ చుట్టడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు పింఛను తీసుకుంటుంది. దగ్గు మాత్రం ఉంది. తగ్గింది గానీ పోలేదు, అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. డబ్బీ దొరికిన సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. "ఇంకా తెల్లగనే ఉన్నదా?" అని అడిగింది. ఉంది చిన్నమ్మా అన్నాను. కాసేపు దగ్గి, నవ్వి, "అయితె మూత తియ్యకు" అంది.

తియ్యను. వెళ్లిపోయిన అన్ని రోజుల దుమ్మూ ఆమె లోపలే ఉంది, దాన్ని తూచే తక్కెడ నా దగ్గర లేదు. నా కోసం ఇల్లు కడిగి, పెళ్లి చీర కట్టుకుని, హాయిగా గాలి పీల్చిన ఆ ఒక్క రోజు మాత్రం కాలానికి దొరక్కుండా నా బీరువాలో తెల్లగా ఉంది.