టేపు కింద వేలు

అద్దాలు కోసే ఆయన్ని వీధంతా టేపు బాబాయి అంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. చెయ్యి తెగితే ఫ్రేముల వెనక అంటించే టేపు చుట్టేసుకుని పనిలో పడిపోతాడు. ఆ పనివాళ్లందరిదీ అదే లెక్క: నెత్తురు ఆగిందంటే గాయం మానిపోయినట్టే. ఆస్పత్రి మాటెత్తితే, అద్దం నాకు మరదలి వరస, గిల్లిందని ఫిర్యాదు చేస్తానా అని నవ్వేస్తాడు.

ఆ రోజు పగిలిన కిటికీ అద్దం ఊడదీస్తుంటే ఓ ముక్క కుడి బొటనవేలి మొదట్లో దిగింది. చిన్న గాటే. నొక్కిపట్టేసరికి నెత్తురు ఇట్టే ఆగింది. టేపు చుట్టి, కొత్త అద్దం బల్లమీద పరిచి, కట్టరుతో గీత లాగబోయాడు. కట్టరు జారింది. తీశాడు. మళ్లీ జారింది.

పక్కన ఫ్రేములకు మేకులు కొడుతున్న భార్య సుత్తి ఆపింది. ఆయన చేతిలో కట్టరు జారడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"టేపు విప్పండి."

"నెత్తురెప్పుడో ఆగిందే."

"నెత్తురు సంగతి అడిగానా? వేలు వంచండి."

నాలుగు వేళ్లూ ముడుచుకున్నాయి. బొటనవేలి కొస మాత్రం అలిగిన అల్లుడిలా బిగుసుకుని కూర్చుంది. కళ్లు మూసుకోమని చెప్పి ఆ కొసను మేకుతో తాకింది.

"ఎప్పుడు తాకుతావే?" అన్నాడాయన.

ఆమె లేచి కొట్టు షట్టరు దించేసింది. కిటికీవాళ్లకు మాటిచ్చాను, రేపు వెళదామని గునిశాడు. ఈ వేలు పోతే ఎవరికిచ్చిన మాటా నిలబెట్టలేరంది. శుభ్రమైన గుడ్డ చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఎక్స్‌రేలో లోపల అద్దం పెంకు కనిపించింది. వేలిని తాడులా లాగి వంచే స్నాయువూ, పక్కనే స్పర్శ తెలిపే నరమూ తెగాయంది డాక్టరమ్మ. పైన గాటు ఎంతుందని కాదు, కింద ఏం తెగిందో చూడాలంది. వేలు వంగకపోయినా, మొద్దుబారినా, లోపల ముక్క ఉండిపోయినా, గట్టిగా నొక్కినా నెత్తురు ఆగకపోయినా వెంటనే రావాలట. ఆలస్యం చేయలేదు గనక వేలు మళ్లీ పనికొస్తుందని ధైర్యం చెప్పి, ఆపరేషన్‌కు ఏర్పాట్లు చేసింది.

కట్టు ఉన్నన్నాళ్లూ గీతలు ఆమే గీసింది. సగం అద్దాలు వంకరపోయాయి. ఆయన నోరు మాత్రం చక్కగా పనిచేసింది. కట్టు విప్పాక డాక్టరమ్మ నేర్పినట్టు రోజూ వేలు వంచడం మొదలుపెట్టాడు, తిట్టుకుంటూనే.

మొన్న పక్క కొట్టు వడ్రంగి వేలు కోసుకుని టేపు కోసం వచ్చాడు.

"ముందు వంచి చూపించరా. ఇప్పుడు కళ్లు మూసుకో."

వంగింది. తాకితే తెలిసింది. గాటు పైపైదే. కడిగించి, గుడ్డకట్టు కట్టి పంపాడు.

తర్వాత కట్టరు అందుకున్నాడు. వేలి కొస ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. అద్దంమీద కిర్రుమని గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా సాగింది. అది వినడానికి సుత్తి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మోగింది.