ఆళ్లగడ్డకు మాస్కుల పెట్టె

చలికాలంలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: మరీ పొద్దున్నే బయల్దేరకండి. రోడ్డు మీద పొగమంచు ఉంటుంది, డ్రైవరు నింపాదిగా పోతాడు, బస్సు కిటికీ అద్దాల్లో ఒక్కటైనా సరిగా మూతపడదు. ఇన్ని తెలిసిన నేను మాత్రం ఆరున్నరకే బస్టాండులో ఉన్నాను. ముందురోజు మా అక్క ఫోన్ చేసింది మరి.

అక్కావాళ్లది ఆళ్లగడ్డ. బావ రాతి విగ్రహాలు చెక్కుతాడు. చలి మొదలైనప్పటి నుంచి ఆయనకు దగ్గు పట్టుకుని వదల్లేదు. నంద్యాలలో డాక్టరుకు చూపిస్తే, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరింది, పని మానెయ్యమన్నాడు. మానలేకపోతే మాస్కు లేకుండా ఉలి ముట్టుకోవద్దన్నాడు. బావ రెండూ వినలేదు. చెప్పీ చెప్పీ విసిగిపోయిన అక్క ఆయనతో మాట్లాడటమే మానేసింది. అన్నం పెడుతుందట, మాట మాత్రం లేదట. "నువ్వొచ్చి చెప్పు మద్దిలేటీ, నీ మాటన్నా ఇంటాడేమో" అంది. మాస్కులు ఇంకో పెట్టె తెమ్మంది కూడా.

నాకు నంద్యాలలో ఫోటో స్టూడియో ఉంది. విగ్రహాలకు ఫోటోలు తీసే వంకన వెళ్దామని కెమెరా సంచీ భుజాన వేసుకుని, మాస్కుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీట్లో అహోబిలం వెళ్తున్న ఒక పెద్దావిడ. ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుని, దాన్ని కొంగున ముడేసుకున్నాక నా పెట్టె వైపు చూసింది.

"ఏందప్పా అందులో?"

మాస్కులన్నాను.

"మళ్లా వచ్చిందా ఏంది ఆ రోగం?" అని తన మూట తీసి అటుపక్క పెట్టుకుంది. ఇవి రాతిదుమ్ముకని వివరించాను. నమ్మినట్టు లేదు. శిరివెళ్ల మెట్ట దాటేదాకా మొహం కిటికీ వైపే పెట్టుకుంది.

అక్కడికి మంచు పలచబడి ఎడమవైపు నల్లమల కనిపించింది. కోతలైపోయిన వరిమళ్లు, మధ్యమధ్య శనగచేలు. చూడటానికి బాగానే ఉంది కానీ, బావకు ఏమని చెప్పాలా అన్న ఆలోచనలో నాకవేవీ పెద్దగా ఎక్కలేదు.

ఎనిమిది దాటాక ఆళ్లగడ్డలో దిగాను. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. వేడిగా ఉంటే చాలు, చలిలో దానికి వంక పెట్టకూడదు. విగ్రహాలు చెక్కే చోటుకి దారి అడగనక్కర్లేదు. రాళ్లు కోసే మిషన్ల రొద వినిపించినవైపు నడిస్తే సరిపోతుంది. రోడ్డు పక్క షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్లు, నాయకులు, ఆవులు, అన్నీ తెల్లటి దుమ్ము కప్పుకుని నిలబడి ఉంటాయి.

బావ షెడ్డులో చిన్న సరస్వతి విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు. మిషను పని అయిపోయింది, ఉలితో వీణ తీగలు చెక్కుతున్నాడు. "రాప్పా, పొద్దున్నే వచ్చినావే" అన్నాడు, అంతలోనే దగ్గు. లోపల్నించి తన్నుకొచ్చే దగ్గు. ఫోనులో విన్నప్పుడు ఇంత అనుకోలేదు. నిజంగా భయమేసింది.

పోయినసారి పెట్టె ఏమైందో చూశాను. ఒక మాస్కులో సన్న ఉలులు మూటకట్టి ఉన్నాయి. మరొకటి టీగ్లాసు మీద మూతగా ఉంది. నేను దారిపొడవునా కూర్చుకున్న ఉపన్యాసం అప్పజెప్పాను. బావ అడ్డం రాకుండా అంతా విన్నాడు. విని, ఉలిని తీగ గాడిలో పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. గాడిలో పొడి నిండింది. మొహం దగ్గరగా వంచి ఉఫ్ మని ఊదాడు. గీత తేలింది, పొడి ఆయన మొహాన పడింది.

"ఊదకుంటే గీత యాడుందో ఎట్ల కనపడ్తాది? మూతికి గుడ్డ కట్టుకుని యాడ ఊదేది? చెయ్యి అడ్డం పెట్టి తుడిస్తే దెబ్బల లెక్క తప్పుతాది. నేనేం మొండికి పోతాండానా?"

డాక్టరుకు గానీ, అక్కకు గానీ ఈ మాట ఆయన చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. సరే, వచ్చినందుకు ఫోటోలైనా తీద్దామని సంచీ తెరిచాను. చేతికి తగిలింది లెన్సు మీద దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. నిమ్మకాయ కంటే కాస్త పెద్దది, నొక్కితే సన్నటి ముక్కులోంచి గాలి వస్తుంది. గాడి మీద నొక్కి చూశాను. పొడి ఎగిరిపోయింది.

బావ కళ్లు వెలిగాయి కానీ, ఆయన రెండు చేతులూ ఖాళీ లేవు. సరే నేనే నొక్కుతానన్నాను. సుత్తి దెబ్బ ఆగకముందే నొక్కేవాణ్ణి, లేదంటే ఆలస్యంగా. ఒకసారి పొడంతా ఆయన కంట్లోనే కొట్టాను. బావ సుత్తి కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం అక్క జొన్నరొట్టెలు, అనపగింజల కూర తెచ్చింది. తినడం అయ్యాక మా అవస్థ కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వచ్చి నా చేతిలోని బుడ్డి లాక్కుంది.

"మూతికి కట్టుకుంటేనే నొక్కుతా" అంది. నావైపు తిరిగి అంది గానీ, ఆ మాట నాకు కాదు.

బావ మాస్కు తీసి కట్టుకున్నాడు. ఇంకొకటి ఆమె ముందుకు తోశాడు. "నువ్వూ కట్టుకో. దుమ్ముకు నేనొకణ్ణే కనపడ్తానా?"

అక్క కట్టుకుని పక్కన చతికిలబడింది. నాలుగు దెబ్బలు, ఒక నొక్కు. ఒక్కసారీ తప్పలేదు. ఇన్నేళ్లుగా షెడ్డు వెనక వంటింట్లో ఆ ఉలి చప్పుడు వింటూనే ఉంది కదా. కాసేపటికి బావ "ఇంకొంచెం కిందికి" అన్నాడు. "తెలుసులే" అంది అక్క. నేను ఫోటోలు తీసుకున్నాను.

నాలుగు దాటాక తిరుగు బస్సెక్కాను. శనివారాలు, పండగ రోజులు అహోబిలం జనంతో బస్సులు కిటకిటలాడతాయి. కుదిరితే మామూలు రోజు చూసుకోండి. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ ఉండగానే చలి మొదలైంది. రబ్బరు బుడ్డి అక్కడే వదిలేశాను, స్టూడియోకి ఇంకొకటి కొనాలి. బుడ్డి వల్ల పాత దుమ్ము పోదు. పని మానెయ్యమన్న డాక్టరు మాట అలాగే ఉంది. అది తలుచుకుంటే మనసు బరువెక్కింది.

కెమెరా తీసి ఫోటోలు చూసుకున్నాను. ఒకదాన్ని పెద్దది చేశాను. అక్క వేళ్ల మధ్య బుడ్డి నొక్కుకుపోయి ఉంది, వీణ మీద నుంచి పొడి లేస్తోంది. బావ నోటి దగ్గర మాస్కు బుంగలా ఉబ్బి ఉంది. అవసరం లేకపోయినా లోపల ఊదుతూనే ఉన్నాడు. అక్క వైపు జరిపి చూశాను. ఆమె మాస్కు కూడా ఉబ్బే ఉంది.