పిల్లల వార్డులో గట్టిమేళం

ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో సన్నాయి ఊదుతున్నాను. ఇన్నేళ్లలో తాళి కట్టడం ఒక్కసారీ చూడలేదు. సరిగ్గా ఆ సమయానికి చుట్టాలంతా లేచి అడ్డంగా నిలబడతారు. నాకు కనిపించేది పంతులుగారు పైకెత్తే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి లేచిందా, గట్టిమేళం. మిగతాది నాకు అనవసరం.

అలాంటి నన్నూ, డోలు కొట్టే మా బామ్మర్దినీ కొంపల్లి ఫంక్షన్ హాల్లో విని, మేడ్చల్ దగ్గరి పిల్లల దవాఖాన పెద్ద డాక్టరు వారానికి రెండు రోజులు వార్డుకు రమ్మన్నాడు. నర్సులు సూదులు వేస్తుంటే మేం పక్కన మెత్తగా వాయించాలట, పిల్లల భయం పోతుందట. మెత్తగా కావాలంటే వేణువు వాళ్లను పిలవాలి గానీ సన్నాయిని పిలుస్తారా? అయినా దవాఖాన పిలుపు గొప్పగా అనిపించి మచ్చ బొల్లారం నుంచి బండి మీద బయలుదేరాం.

మొదటి రోజే వార్డు సిస్టరు గుమ్మంలో ఆపింది. మాస్కు లేనిదే లోపలికి రానివ్వదట. మాస్కు పెట్టుకుని సన్నాయి ఎలా ఊదాలో ఆవిడనే చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, నా మూతి వదిలేసి సన్నాయి మూతికి మాస్కు కట్టింది. నాకు ఒళ్లు మండింది. మరి డోలుకో అని మా బామ్మర్ది అడిగితే, దానికి ఊపిరి లేదు కదా అంది. నిజం చెప్పాలంటే మాస్కు కట్టాక సన్నాయి మెత్తగానే పలికింది. అందుకు ఇంకా కోపమొచ్చింది.

మూడో వారం శామీర్‌పేట నుంచి ఒక పిల్లను తెచ్చారు. ఆరేళ్లుంటాయి. తల్లిదండ్రులు చెరువులో చేపలు పట్టేవాళ్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయింది. రెండు రోజులుగా మింగిన చుక్క కడుపులో నిలవడం లేదు, నోట్లోంచి మాట లేదు. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకదు. దొరికిందనుకునే లోపే పిల్ల చెయ్యి బిగించి లాక్కుంటోంది. రెండు చేతులూ కమిలిపోయాయి. ఇంకొక్కసారి చూసి, కాకపోతే పట్నం పెద్దాసుపత్రికి పంపుతామన్నారు. తల్లి నోట్లో కొంగు కుక్కుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పిల్ల పోతుందేమోనని నాకూ భయం వేసింది.

సిస్టరు నా దగ్గరకొచ్చింది.

"అన్నా, నరం దొరకంగనే నేను చెయ్యి లేపుత. గప్పుడు ఆపున్రి, సప్పుడు ఉండొద్దు."

సరేనన్నాను. జోలపాట ఎత్తుకున్నాను. వార్డు డాక్టరు, నర్సులు, పక్క మంచాల వాళ్లు పిల్ల చుట్టూ మూగారు. ఇక నాకేమీ కనిపించలేదు. ఆ తలల మీదుగా సిస్టరు చెయ్యి లేచింది.

ఇంకేముంది, ఉన్న ఊపిరంతా పెట్టి గట్టిమేళం ఊదేశాను. మాస్కు తెగి ఎగిరి డాక్టరు భుజం మీద పడింది. బామ్మర్ది ఏమిటని కూడా అడగకుండా డోలు అందుకున్నాడు. పక్క మంచం పిల్లాడి అవ్వ పొట్లంలోంచి గుప్పెడు మురమురాలు తీసి అక్షింతల్లా పిల్ల మీద చల్లింది. ఇంకో ఇద్దరు ముసలమ్మలు అదే పొట్లంలో చెయ్యి పెట్టారు. మమ్మల్ని ఆపడానికి పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ గుమ్మంలోనే చేతులు జోడించి నిలబడిపోయాడు.

పిల్ల నోరు తెరిచి మావైపే చూస్తూ ఉండిపోయింది. బిగించిన చెయ్యి వదులైంది. డాక్టరు ఆ క్షణంలోనే సూది దించేశాడు. సెలైన్ చుక్కలు పడటం మొదలైంది. సిస్టరు నన్ను తిట్టడానికని నోరు తెరిచి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

సాయంత్రం దాకా ఇంటికి పోబుద్ధి కాలేదు. పెద్ద డాక్టరు వచ్చి నన్ను మందలిస్తుండగా, రెండో సీసా సగమయ్యే వేళకు, పిల్ల కళ్లు తిప్పి దుప్పటి మీది మురమురాలను చూసింది. తర్వాత తల్లిని చూసి, రెండు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది.

"అమ్మా, పెండ్లి అయిపోయింది గదా. ఇంక బువ్వ పెడ్తలేరేంది?"