జోల్వాలో ఎవరూ వినని పాట

మా తెలుగువాళ్ల సంఘం కార్యదర్శి నా చేతిలోంచి మైకు లాక్కున్న రోజున ఆయన పచ్చ గళ్ల చొక్కా వేసుకున్నాడు. నేను కట్టిన పాట సగంలో ఉంది. అన్నం తయారైంది, వరసలో రండి అని చెప్పి మైకు ఆపేశాడు. ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. నేను మరవలేదు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. సూరత్‌లో మేము సాంచాలనే మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ మోతలో ఏళ్లు గడిపిన నాకు, అది లేని పగలు నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది. అమ్రోలిలోని మా గదిలో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా కూర్చుని పాట రికార్డు చేశాను. ‘తాపీ దాటి వచ్చే గాలీ, మా ఊరి వాన ఎట్లున్నదే’ అని, మా సూరత్ నది పేరుతో మొదలవుతుంది. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు పాడతానని రాసి, కింద నా నంబరు పెట్టి, తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపుకూ పంపాను. అరగంటలో దాని మీద గులాబీ పూల శుభోదయాలు పేరుకున్నాయి. సూరత్ పక్కనున్న కిమ్‌లో పెళ్లిళ్లకు పాటగాళ్లను కుదిర్చే కాంట్రాక్టరుకు ఏడుసార్లు పంపాను. ఏడుసార్లూ నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆ ఏడు మెసేజులూ నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి.

కార్ఖానాలు తెరిచిన కొన్నాళ్లకు కార్యదర్శి ఫోన్ చేశాడు.

“ఏందయ్యా, నీ వీడియో జోల్వల ప్రతి కార్ఖాన్ల తిరుగుతున్నదట గద! కని మంచిగ పాడినవని ఒక్కడన్న అంటలేడు.”

ఆ మాటతో రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు నేనే, సూరత్ అవతల మగ్గాల కార్ఖానాలుండే జోల్వాకు వెళ్లాను. చాయ్ బండి దగ్గర ఒక ముసలి సాంచా కార్మికుడు నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏయ్ తమ్మీ, దూరం జరిగి జర మూతి చూపియ్. నువ్వేనా?”

నాలుగడుగులు వెనక్కి వేసి మాస్కు దించాను. ఆయన నవ్వి, నా పాట మొత్తం ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పాడు. రాగం మాత్రం లేదు, బడిపిల్లాడు ఎక్కం చదివినట్టు చదివాడు.

“రాగం ఏదే కాకా?” అని అడిగాను.

ఆయన నా పెదాల వైపు చూసి, “రాగం నాకేమెరుక? సాంచాల కాడ ఫోన్ల ఆవాజ్ వినొస్తదా? అయినా నా చెవులు ఎన్నడో పోయినయ్. మేమంత నీ మూతి చూసి నేర్చుకున్నం,” అన్నాడు.

మోతలో పెదాలు చూసి మాట్లాడుకోవడం నాకూ అలవాటే. పాటను కూడా అలా వినవచ్చని ఎన్నడూ తోచలేదు. ఆ సాయంత్రం బస్సులో వస్తుంటే, వరసగా మగ్గాలు, వాటి మధ్య ఫోన్లు, ఫోన్లలో శబ్దం లేకుండా కదులుతున్న నా నోరు కళ్ల ముందు తేలుతూనే ఉన్నాయి.

రెండో ఏడు కరోనా కొంచెం తగ్గాక కాంట్రాక్టరు మొదటిసారి జవాబిచ్చాడు: “స్టేజీ మీద చూడకుంట ఎవ్వల్నీ బుక్ చెయ్య. నచ్చితే సీజన్ అంత నీదే.” అందుకోసం ఆ పచ్చ గళ్ల మనిషిని బతిమాలి, సంఘం కార్యక్రమంలో ఒక పాటకు చోటు అడుక్కున్నాను. అదీ మరవను.

అమ్రోలిలో ఒక అపార్ట్‌మెంటు పార్కింగులో ఎడం ఎడంగా కుర్చీలు వేశారు. ముందు వరసలో జోల్వా సాంచా కార్మికులు, వాళ్లలో చాయ్ బండి దగ్గరి ముసలాయన కూర్చున్నారు, నా కోసమే వచ్చారట. కాంట్రాక్టరు వెనక తన స్కూటరు మీద కూర్చున్నాడు. మాస్కుతోనే మొదలుపెట్టాను. ముందు వరస అంతా నా మూతికున్న గుడ్డను చూస్తోంది, తలుపు మూసిన ఇంటిని చూసినట్టు. ముసలాయన దాన్ని కిందికి లాగమని చేత్తో సైగ చేశాడు.

“తీస్తే ప్రోగ్రాం బంద్!” అని కార్యదర్శి అరిచాడు.

ఆయన చెప్పింది న్యాయమే. ఆ ఎండాకాలం మా వాళ్లు ఎందరో పోయారు. మైకు కింద పెట్టి, మెట్లెక్కి, ఎవరూ లేని మొదటి అంతస్తు వరండాలో నిలబడి మాస్కు దించాను. మైకు వైరు అంత దూరం రాదు. ఉత్త గొంతుతోనే ఎత్తుకున్నాను.

కింద ముఖాలన్నీ పైకి తిరిగాయి. ముందు వరసలో మాస్కులు కదలడం మొదలైంది. ఆ తెల్ల గుడ్డలు, నీలం గుడ్డలు నా మాటలతో పాటే ఉబ్బి, లోపలికి పోయి, మళ్లీ ఉబ్బుతున్నాయి. తాపీ వైపు నుంచి గాలి వస్తోంది. నేను పాడుతున్నానో వాళ్లు నాతో పాడిస్తున్నారో తెలియలేదు.

“కిందికొచ్చి మైకుల పాడు భాయ్!” అని కాంట్రాక్టరు కేకేశాడు. “ఒక్క చరణం చాలు. నాకేం వినొస్తలేదు!”

నాలుగు అంగల్లో మెట్లు ఉన్నాయి. కింద మైకు ఉంది, సీజన్ ఉంది. ముసలాయనకు ఆ కేక వినపడలేదు. మెడ ఎత్తి, నా నోటి నుంచి తర్వాతి మాట కోసం చూస్తున్నాడు. ఆయన మాస్కు ఆగిపోయి ఉంది.

నేను దిగలేదు. పాట అయ్యేలోపే స్కూటరు గేటు దాటింది. ఆ మనిషి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు, అది నాకు బాగా గుర్తుంది. ఆ సీజన్‌లో నాకు ఒక్క పెళ్లీ రాలేదు.

ముసలాయన ఒక వేలు చూపించాడు, ఇంకొకటి అని. ఇంకొకటి ఎత్తుకున్నాను, మాటలు ముందుకన్నా కొంచెం నెమ్మదిగా పలుకుతూ.