నాలుగు రెట్లా, తొమ్మిది రెట్లా

ప్రపంచంలో రెండు రకాల దుర్భిణులు ఉంటాయన్న జ్ఞానోదయం నాకు నలభై ఏడో ఏట, అరబ్బు దేశపు బుదైయాలో ఒక మిద్దె మీద కలిగింది. అప్పటిదాకా నేను ఆ ఇంటి డ్రైవరుని. తోటమాలి రాని రోజు తోటమాలిని. నీళ్ళ మోటారు మొరాయిస్తే దాని వైద్యుణ్ణి. ఆ సాయంత్రం బాబా నన్ను పైకి పిలిచి, అరబ్బీలో "యల్లా" అని తొందరపెట్టి, "కూర్చో. ఒక సలహా చెప్పు" అనేసరికి జింకల వేటలో సలహాదారుని కూడా అయిపోయాను. నా జన్మలో నేను వేటాడినవి దోమలు. వాటిలోనూ సగం తప్పించుకున్నాయి.

బాబా అంటే మా కఫీల్, నా వీసాకు పూచీ ఉన్న యజమాని. డెబ్బై దాటిన మనిషి. ఆయన గడ్డం తెల్లదనం ముందు చుట్టుపక్కల విల్లాల సున్నం మాసినట్టుంటుంది. హిందీని అరబ్బీలో నానబెట్టి మాట్లాడతారు. నేనిక్కడ దాన్ని పిండి ఆరేసి తెలుగులో చెబుతున్నాను. ఏటా చలికాలంలో ఒకసారి విమానమెక్కి, కొండలూ పొదలూ ఉన్న దూరదేశానికి పోయి, చిన్ననాటి స్నేహితుడితో జింకల వేట ఆడి వస్తారు. తుపాకీ అక్కడే, ఆ స్నేహితుడి ఇంట్లో, కాగితాలతో సహా తాళం కింద ఉంటుంది. బుదైయాలో ఉన్నవి దాని మీద బిగించి గురి చూసే గొట్టాలు మాత్రమే. అవి రెండు. వాటిలో ఒకటి పట్టుకుపోవాలి. ఏదన్నది తేలక మూడు వారాలుగా ఆ ఇంట్లో ఫ్యాన్లు కూడా ఆలోచిస్తూ తిరుగుతున్నాయి.

మొదటి గొట్టం పొట్టిది, సన్ననిది. దేన్నయినా నాలుగు రెట్లు దగ్గరగా చూపించి ఊరుకుంటుంది. ఏమడిగినా ఒకే జవాబు చెప్పే పోస్టుమాస్టరు లాంటిది. రెండోది బాబా కొడుకు బహుమతిగా తెచ్చింది. బలిసి, నిగనిగలాడుతూ, నడుముకు ఒక పట్టీ కట్టుకుని ఉంటుంది. ఆ పట్టీ తిప్పితే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా ఎంత కావాలంటే అంత చూపిస్తుంది. పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి లాంటిది. ఎదుటివాడి మొహాన్ని బట్టి కొలత మారుస్తుంది.

"కొత్తదే గొప్పగున్నది కద బాబా" అన్నాను, కొడుకు కింద హాల్లో ఉన్నాడని.

బాబా పెద్ద గొట్టాన్ని పక్కకు జరిపారు. తర్వాత చెప్పారు. నిరుడు అక్కడ ఒక జింకకు గుండు తొడ మీద తగిలిందట. అది మూడు కాళ్ళ మీద పొదల్లోకి పోయిందట. పొద్దు గూకేదాకా ఇద్దరు ముసలివాళ్ళూ నెత్తురు చుక్కలు పట్టుకుని నడిచారట. దొరకలేదు.

"నలభై ఏళ్ళలో నా చేతిలో ఒక్క జంతువు కూడా అలా పోలేదు" అన్నారు. "ఈసారి కూడా అలాగే అయితే నేను తుపాకీ ముట్టను. ఖలాస్."

ఆ 'ఖలాస్' మామూలుగా లెక్క చెల్లయిందనో, పని ముగిసిందనో చెప్పే మాట. ఆ సాయంత్రం మాత్రం అది మిద్దె మీద రాయిలా పడింది.

మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. జింక నేను. గోధుమ రంగు దుప్పటి ఒకటి కప్పుకుని ఖర్జూర చెట్ల మధ్య మెల్లగా మేస్తున్నట్టు తిరగాలి. బాబా మిద్దె మీద బియ్యం సంచి మీద గొట్టం ఆనించి చూస్తారు. వంటగది గుమ్మంలో వంటామె నిలబడి ఉంది. గోదావరి ప్రాంతం మనిషి, నా కంటే ఐదేళ్ళు చిన్న. నన్ను గౌరవంగానే పిలుస్తుంది. పరువు తీసేది కూడా అంత గౌరవంగానే.

"అన్నయ్యగారూ, జింకంటే చెంగుచెంగున గెంతాలి కదండీ? మీరు గేదె నీళ్ళలోకి దిగినట్టు నడుస్తున్నారండీ."

"నువ్వు ఊకో చెల్లె. గేదె గింత షార్పుగ తిరుగుతదా?"

"తిరగదండీ. దానికి బుద్ధుంటుందండీ."

మిద్దె మీంచి బాబా కేక వేశారు. పెద్ద గొట్టం తొమ్మిది దగ్గర పెట్టారు. "నీ చొక్కా రెండో బొత్తం దారం ఊడిపోతోంది!" నిజమే, వేలాడుతోంది. నేను తోట చివర ఉన్నాను. అంత దూరం నుంచి నా బొత్తం బతుకు ఆయనకు తెలిసిపోయింది. ఉత్సాహం వచ్చి గోడ పక్కకు పరిగెత్తి, మిద్దె కిందనే ఉన్న చెట్టు వెనక నుంచి గభాలున బయటికి దూకాను.

"ఎక్కడున్నావు?"

"ఈడనే బాబా! మీ కిందనే!"

"నాకేదో గోధుమ రంగు కనిపిస్తోంది. అంతే. ముందు లేదు, వెనక లేదు!"

"అది నేనే బాబా! దుప్పటి!"

పట్టీ వెనక్కి తిప్పితే నేను నిలువెల్లా దొరికేవాణ్ణి. ఆయన చెయ్యి పట్టీ మీదికి పోలేదు. చిన్న గొట్టంతో చూసినప్పుడు ఎక్కడ దూకినా చటుక్కున పట్టేశారు గానీ, తోట చివరికి పోగానే, "చీమలా ఉన్నావు, కొమ్ములు ఉన్నాయో లేవో తెలియడం లేదు" అని విసుక్కున్నారు. దూరానికి ఇది పనికిరాదు, దగ్గరికి అది పనికిరాదు. జింక ఎంత దూరాన నిలబడుతుందో ముందే ఉత్తరం రాయదు కదా.

సాయంత్రపు అసర్ నమాజుకు బాబా కిందికి వెళ్ళినప్పుడు నేను దొంగతనంగా పెద్ద గొట్టానికి కన్ను ఆనించాను. అక్టోబరు ఎండ పలచబడి, గాలిలో పాలు కలిపినట్టు ఉంది. మూడు దగ్గర ఖర్జూర తోటలు, తెల్లటి గోడలు, వాటి వెనక సముద్రం, అన్నీ ఒకే నీళ్ళలో కడిగి ఒకే తీగ మీద ఆరేసినట్టున్నాయి. పట్టీ తిప్పాను. ఐదు దగ్గర తోటలు పోయాయి. ఏడు దగ్గర గోడలు పోయాయి. తొమ్మిది దగ్గర లోకంలో ఒక్క పడవ మిగిలింది. అందులో ఒక మనిషి వలలోంచి దేన్నో తీసి, దాన్ని చూసి నవ్వుతున్నాడు. ఎంత దగ్గరగా ఉన్నాడంటే నేనూ నవ్వాను. మర్యాదకు.

అప్పుడు గమనించాను. పడవ అదురుతోంది. అలలకు కాదు. ఒక అదురు, కాస్త ఆగి మళ్ళీ ఒక అదురు. అది నా గుండె. నా నాడి కన్ను దాకా వచ్చి, గొట్టం గుండా సముద్రం మీదికి దిగి, ఎవరో తెలియని మనిషి పడవను ఊపుతోంది. ఊపిరి బిగబట్టాను. సముద్రం ఆగింది. దేశాల మధ్య పరుచుకున్న అంత సముద్రం జగిత్యాల దిక్కు డ్రైవరు మాట విని అర నిమిషం కదలకుండా నిలబడింది. ఎంతసేపు అలా ఉన్నానో. వంటామె చాయ్ తెచ్చి, "అన్నయ్యగారూ, కన్ను దానికి అంటుకుపోయిందాండీ?" అనేదాకా నేను ఆ పడవలోనే ఉన్నాను.

గొట్టాన్ని అలాగే తొమ్మిది దగ్గర వదిలేసి కిందికి దిగాను.

ఆ వారమే దసరా. దసరా నాడు పనిముట్లకు పసుపు, కుంకుమ పెట్టడం మా దిక్కు ఎవరూ మానరు. కూలీల క్యాంపుల్లో మావాళ్ళు డ్రిల్లింగ్ మిషన్లకూ, కాంక్రీటు కలిపే డ్రమ్ములకూ పెట్టి దండం పెడతారు. నేను ఏటా బాబా కారుకు పెడతాను. ఆయన చూసి, "సీట్లకు అంటించకు" అని మాత్రం అంటారు. మా మేస్త్రీలు నేర్పిన పద్ధతి ఒకటుంది. బొట్టు ఏ వస్తువుకైనా అది తిరిగే చోట పెట్టాలి. చక్రానికి, ఇరుసుకు, కత్తెర నడుమ మేకుకు. తిరిగేచోటే దాని ప్రాణం ఉంటుందని లెక్క.

కారుకు పెట్టాను. కొమ్మల కత్తెరకు పెట్టాను. వంటామె మిక్సీకి పెట్టింది. అప్పుడు నాకు మిద్దె మీది గొట్టాలు గుర్తొచ్చాయి. బాబా పొద్దున్నే పని మీద ఈసా టౌన్ వెళ్ళారు. ఇంతకంటే మంచి ముహూర్తం పంచాంగంలో ఉండదు.

"ఉత్త నీళ్ళెందుకండీ, కొబ్బరినీళ్ళతో కలిపానండీ, శ్రేష్ఠం" అంటూ వంటామె పసుపు గిన్నె ఇచ్చింది. నేను నైవేద్యమని గోరంత బెల్లం కూడా కలిపాను. చిన్న గొట్టానికి తిరిగేదేమీ లేదు, నడుం మీద ఒక బొట్టు పెట్టి వదిలేశాను. పెద్ద గొట్టానికి మాత్రం పట్టీ అంచున ఉన్న సన్నటి సందు చుట్టూ, పెళ్ళికూతురికి పారాణి దిద్దినంత శ్రద్ధగా పట్టించాను. కళ్ళు మూసుకుని, "దెబ్బ తాకి పొదల్లకు ఉరికే జింక ఉండొద్దు తల్లీ" అని మొక్కాను. సాయంత్రం పైపైన గుడ్డతో తుడిచేశాను.

రెండు రోజులకు మిద్దె మీంచి పిలుపు వచ్చింది. బాబా పట్టీ పట్టుకుని తిప్పుతున్నారు. అది కదలడం లేదు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది కూర వాసన ఎందుకు వస్తోంది?"

నా కాళ్ళ కింద మిద్దె రెండు అడుగులు కిందికి దిగింది. అబద్ధాలు పదహారు తయారయ్యాయి. గోరు సందులో పసుపు ఇంకా ఉంది. ఉన్నదంతా చెప్పేశాను, బెల్లంతో సహా. బెల్లం సంగతి చెప్పాల్సింది కాదేమో. అంతా విని ఆయన గొట్టాన్ని కంటికి ఆనించుకున్నారు.

"తొమ్మిది దగ్గర బిగుసుకుంది" అన్నారు.

"నేను సాఫ్ చేయిస్త బాబా. తప్పైంది."

ఆయన గొట్టం దించలేదు. దానిలోకి చూస్తూనే మాట్లాడారు, ఎదురుగా నేను కాక సముద్రం ఉన్నట్టు.

"నిరుడు అక్కడ కూడా ఇది తొమ్మిది దగ్గరే ఉండిపోయింది. కొండ అవతల కొమ్ములు చూద్దామని తిప్పాను. జింక పక్క పొదలోంచి వచ్చింది. వెనక్కి తిప్పాలని గుర్తు రాలేదు. గోధుమ రంగు కనిపించింది, కాల్చాను. జింక కదిలిందని అందరికీ చెప్పాను. నా కొడుక్కీ అదే చెప్పాను." కదలని పట్టీని వేలితో తట్టారు. "అప్పుడు దీనికి పసుపు లేదు. నేనే ఉన్నాను."

నేను గోరు సందులో పసుపు గీక్కున్నాను.

"ఆ చిన్నదానికీ పెట్టావా?"

"పెట్టిన బాబా. దానికి తిరిగేదేం లేదు. ఊరికె నడుం మీద పెట్టిన."

ఆయన దాన్ని తీసుకుని, ఎండిన బొట్టును బొటనవేలితో గీకి, తోటలోకి చూశారు. చివరి నుంచి ఈ చివరికి, మెల్లగా. "దూరాన ఉంటే దగ్గరికి నడుస్తాను" అన్నారు. "కాళ్ళకు గుర్తుంటుంది. చేతికి గుర్తుండదు." తర్వాత పెద్ద గొట్టాన్ని తీసుకుని, సంగతి కొడుక్కి తనే చెబుతానని కిందికి వెళ్ళారు. తిట్లు పడతాయని నేను మిద్దె మీదే చీకటి పడేదాకా నక్కి ఉన్నాను. పడలేదు.

డిసెంబరులో వెళ్ళి పన్నెండు రోజులకు తిరిగి వచ్చారు. పొద్దున పదింటికి విమానం. సామాను డిక్కీలో పెట్టి కారు తీశాను. ఎయిర్‌పోర్టు దాటాం. వేట సంగతి అడగాలని నా నోరు దురదపెట్టి చచ్చిపోతోంది. అరాద్ దగ్గర నీళ్ళ పక్కన ఆపమన్నారు. ఆపాను. ఎండ నీళ్ళ మీద పడుకుని ఉంది. బాబా అద్దం దించారు.

"నాలుగో రోజు వచ్చింది" అన్నారు. "డెబ్బై అడుగులు కూడా లేదు. మొత్తం కనిపించింది. చెవులు, తోక, దాని చుట్టూ గడ్డి. దాని వెనకాల ఇంకొకటి కూడా కనిపించింది, పొట్టకు ఆనుకుని. పిల్ల."

"కాల్చిన్రా బాబా?"

"ఆగాను. పిల్ల జరిగింది. మళ్ళీ వచ్చి ఆనుకుంది. అది తల్లి. నేను అలాగే చూస్తూ కూర్చున్నాను. నా స్నేహితుడు పక్క నుంచి మోచేత్తో పొడుస్తున్నాడు. అవి మేసి మేసి వెళ్ళిపోయాయి. తర్వాత రోజు ఒక మగది వచ్చింది. ఒక్క గుండు." రెండు వేళ్ళు కలిపి తన భుజం వెనక, ఎక్కడ తగిలిందో అక్కడ పెట్టి చూపించారు. "నిలబడ్డచోటే పడింది. అడుగు కూడా వెయ్యలేదు."

అద్దం ఎక్కిస్తూ, వచ్చే చలికాలానికి ఇప్పటి నుంచే రోజూ రెండు మైళ్ళు నడవాలని, నేనూ వెంట రావాలని చెప్పారు.